చివరి గుండీ ఎవరిది? ప్రత్యేక విద్య తరగతిలో ఒక్కరోజు టీచరు పాఠం

బడిలో ఒక టీచరు సెలవు పెడితే హెడ్మాస్టరు బల్ల మీద అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు తెరుచుకుంటుంది. ఎవరికి ఏ పీరియడ్ ఖాళీగా ఉందో చూసి, వారి పేరు రాసి, సంతకం కోసం తరగతి తరగతికీ తిప్పుతారు. మామూలు తరగతిలో అలాంటి పీరియడ్ ఎలా గడుస్తుందో బడికి వెళ్ళిన వారందరికీ తెలుసు. చప్పుడు చేయకుండా చదువుకోమని చెప్పి, అల్లరి మితిమీరకుండా కాపలా కాసి, గంట కొట్టగానే టీచరు బయటపడతారు. పిల్లలకు అందులో పెద్ద నష్టం లేదు. ఒక్కోసారి అది ఆటవిడుపు కూడా. అదే రిజిస్టరు మిమ్మల్ని ప్రత్యేక అవసరాల పిల్లల తరగతికి పంపినప్పుడు ఈ లెక్క పూర్తిగా తారుమారవుతుంది. అక్కడ ఊరికే కాపలా కాయడం కూడా ఒక పాఠమే అవుతుంది, చాలాసార్లు తప్పుడు పాఠం అవుతుంది. ఎందుకో నాకు ఒక చొక్కా గుండీ వల్ల తెలిసింది.

ప్రత్యేక విద్యలో డిప్లొమా పూర్తిచేసి హైదరాబాదులో ఒక ప్రత్యేక పాఠశాలలో చేరిన కొత్తలో, సెలవులో ఉన్న మరో టీచరు తరగతికి నన్ను పంపారు. మేధో వైకల్యం ఉన్న ఎనిమిది మంది పిల్లలు, అందరూ పదేళ్ళ అటూ ఇటూ వయసువాళ్ళు. ఫిజియోథెరపీ అయ్యాక ఒక అబ్బాయి చొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. అయిదు గుండీలూ అరనిమిషంలో పెట్టేశాను. వాడు నన్నొకసారి చూసి, అన్నిటికంటే కింది గుండీ విప్పి మళ్ళీ నిలబడ్డాడు. అల్లరి అనుకుని, "తప్పు" అని మళ్ళీ పెట్టాను. వాడు మళ్ళీ విప్పాడు. మూడోసారి నా చెయ్యి ముందుకు వెళ్తుండగా గుమ్మం దగ్గర నిలబడిన ఆయమ్మ, "అమ్మా, ఆ చివరి గుండీ వాడిది. మూడు నెలల్నించి టీచరమ్మ అది వాడికే వదిలేస్తోంది" అంది. చేతులు వెనక్కి తీసుకున్నాను. వాడు నాలుక కొస పంటి కింద పెట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో కాజాను వెడల్పు చేసి, గుండీని పక్కకు వాల్చి, దాదాపు రెండు నిమిషాలు తంటాలు పడి పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి నావైపు కాకుండా ఆయమ్మవైపు చూశాడు.

ఆ అబ్బాయి టీచరు చేస్తున్నదానికి ప్రత్యేక విద్యలో ఒక పద్ధతిగా పేరుంది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మొదటి మెట్లన్నీ పెద్దవారే పూర్తిచేసి, ఆఖరి మెట్టును మాత్రం పిల్లవాడికి వదులుతారు. అది కుదిరాక చివరి రెండు మెట్లు, ఆ తర్వాత చివరి మూడు, అలా వెనుక నుంచి ముందుకు నడుస్తారు. పని పూర్తయిందన్న తృప్తి ప్రతిసారీ పిల్లవాడి చేతిలోనే ముగియడం దీనిలోని కిటుకు. సాయం చేసే మనసుతో నేను ఆ అరనిమిషంలో లాక్కున్నది సరిగ్గా దాన్నే. నేను వాడికి ఆరోజు లెక్కలు చెప్పినా, బొమ్మలు గీయించినా, ఆ తరగతిలో వాడి అసలు పాఠం ఆ కింది గుండీ. అది నాకు ఏ పుస్తకంలోనూ కనిపించేది కాదు.

ప్రత్యేక విద్య తరగతిలో బదులు టీచరుకు ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు తరగతిలో పాఠం పాఠ్యపుస్తకంలో ఉంటుంది. ఏ పేజీ దాకా అయిందో ముందు బెంచీ పిల్లను అడిగితే చెబుతుంది. ఇక్కడ ఎనిమిది మంది పిల్లలుంటే ఎనిమిది పాఠాలుంటాయి. వాటిలో సగం వ్యక్తిగత విద్యా ప్రణాళిక అనే ఫైలులో, పావు వంతు తరగతి టీచరు తలలో, మిగిలిన పావు ఆయమ్మ చేతుల్లో ఉంటుంది. పైగా ఏది నేర్పాలన్నదాని కంటే ఎంత సాయంతో నేర్పాలన్నది ముఖ్యం. అందుకే బదులు టీచరు పనిని నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఆ ఒక్కరోజు కొత్తదేదీ సాధించనవసరం లేదు, కానీ ప్రతి పిల్లవాడికీ అందుతున్న సాయం నిన్నటి కొలతలోనే ఉండాలి. ఎక్కువైతే పిల్లవాడు వెనక్కి వెళ్తాడు, తక్కువైతే విసిగిపోతాడు. వినడానికి తేలికగా ఉన్నా, ఈ రంగంలో ఏళ్ళు గడిపినవారికి కూడా ఇది కష్టమైన పనే.

ఇదేదో అరుదుగా వచ్చే సమస్య అనుకోవడానికి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటివి ఆ జాబితాలోకి వచ్చాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కయింది. బడికి వచ్చే పిల్లల పరిధి ఇలా పెరిగినంత వేగంగా వారికి చదువు చెప్పేవారి సంఖ్య పెరగలేదు. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే పట్టించుకుంది. ఆ తర్వాత 2022లో కేంద్రం, ప్రాథమిక తరగతుల్లో 10 మంది దివ్యాంగ విద్యార్థులకు ఒకరు, ప్రాథమికోన్నత తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని ప్రమాణం ప్రకటించింది. కాగితం మీది ఆ నిష్పత్తే పూర్తిగా అమలైందనుకున్నా, ఆ ఒక్కరికి జ్వరం వస్తే ఆ గదిలోకి వచ్చేది తెలుగు పండితుడో, పీఈటీనో అవుతారు. తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లోనూ అంతే. అక్కడ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్ శిక్షణకు వెళ్ళినరోజు కేంద్రం తలుపు తెరవాలంటే ఎవరో ఒకరు బదులు నిలబడాలి.

అమెరికాలో ఈ పనికి విడిగా ఒక వ్యవస్థే ఉంది. సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా పేరు నమోదు చేసుకున్నవారిని బడులు రోజువారీ వేతనం మీద పిలుస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోని ఆడవాళ్ళు కొందరు ఈ పని చేస్తున్నారు. 1975లో వచ్చి, 1990లో పేరు మార్చుకున్న అక్కడి ప్రత్యేక విద్యా చట్టం కింది నిబంధనల్లో ఒకటి నాకు నచ్చుతుంది. పిల్లవాడి ప్రణాళికను అమలుచేసే బాధ్యత ఉన్న ప్రతి టీచరుకూ ఆ ప్రణాళిక అందుబాటులో ఉండాలి, అందులో తన వంతు ఏమిటో ఆ టీచరుకు స్పష్టంగా తెలియజేయాలి. రెండో సగం ముఖ్యమైనది. ఫైలు బీరువాలో ఉందని చెప్పడం వేరు, నీ వంతు ఇదీ అని చెప్పడం వేరు. మన బడుల్లో బీరువా తాళం కూడా చాలాసార్లు సెలవు పెట్టిన టీచరు హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోతుంది.

తాళం దొరికిందనే అనుకుందాం. మన దగ్గర మేధో వైకల్యం ఉన్న పిల్లల ఫైళ్ళలో తరచుగా కనిపించేది ఎఫ్‌ఏసీపీ అనే మదింపు పట్టిక. సికింద్రాబాదులో 1984లో ఏర్పడి, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అని పిలవబడుతున్న జాతీయ సంస్థ దీన్ని తయారుచేసింది. ప్రీ ప్రైమరీ నుంచి ప్రీ వొకేషనల్ దాకా స్థాయిలుంటాయి. ప్రతి స్థాయిలో తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, చదువు, వృత్తికి సంబంధించిన పనులు, వినోదం అనే విభాగాల కింద నైపుణ్యాలు వరుసగా రాసి ఉంటాయి. ఒక స్థాయిలో 80 శాతం సాధించిన పిల్లలను పై స్థాయికి పంపుతారు. బదులు టీచరు అరగంటలో ఎనిమిది ఫైళ్ళు చదవలేరు, చదవనక్కరలేదు కూడా. ప్రతి ఫైలులో ఆ త్రైమాసికానికి ఎంచుకున్న లక్ష్యాల పేజీ ఒకటుంటుంది. ఒక్కో నైపుణ్యం ఎదురుగా పొడి అక్షరాల్లో గుర్తులు కనిపిస్తాయి. మాటతో చెబితే చేస్తాడు, చేసి చూపిస్తే చేస్తాడు, చెయ్యి పట్టుకుని చేయిస్తేనే చేస్తాడు అని వాటి అర్థం. ఆ గుర్తులు చూసుకుంటే చాలు, రోజులో సగం పని పూర్తయినట్టే.

అయితే ఫైలు కంటే ముందు ఆయమ్మను కూర్చోబెట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి పాఠానికి సంబంధించినవి కావనిపిస్తుంది గానీ, వీటిలో ఒక్కటి తప్పినా ఆరోజు పాఠమే ఉండదు. ఫిట్స్ ఎవరికి వస్తాయి, మందు ఎన్ని గంటలకు, ఎవరు వేస్తారు? నీళ్ళు తాగేటప్పుడు ఎవరికి పొలమారుతుంది? సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న కొందరు పిల్లలకు ముద్ద అన్నం కంటే పల్చని మజ్జిగే ప్రమాదకరం. వారిని నిటారుగా కూర్చోబెట్టకుండా ఏదీ నోటికి అందించకూడదు. బాత్రూముకు వెళ్ళాలని ఎవరు ఎలా చెబుతారు? తలుపు తీసి ఉంటే ఎవరు రోడ్డు మీదికి వెళ్ళిపోతారు? సాయంత్రం ఎవరిని ఎవరు తీసుకెళ్తారు?

ఫిట్స్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చదువుకున్నవారు కూడా తాళాల గుత్తి కోసం పరుగెత్తుతారు. చేతిలో ఇనుము పెట్టడం వల్ల, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల మూర్ఛ ఆగదు. పిల్లవాడిని పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద మెత్తనిదేదైనా పెట్టి, చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, మెడ దగ్గర బట్టలు వదులు చేసి, గడియారం చూసుకోవాలి. నోట్లో చెంచా గానీ, నీళ్ళు గానీ, వేలు గానీ పెట్టకూడదు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తేరుకోకముందే మరొకటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఆ పిల్లవాడి కోసం డాక్టరు రాసిచ్చిన సూచన ఫైలులో ఉంటే దాని ప్రకారం నడుచుకోవాలి.

ఇక తరగతిలోకి వద్దాం. సాయం కొలత అన్నాను కదా, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. చేతులు కడుక్కోమన్నారు, పిల్లవాడు కదలలేదు. బదులు టీచరు సాధారణంగా చేసేది మళ్ళీ చెప్పడం, ఇంకోసారి గట్టిగా చెప్పడం, ఆ పైన రెక్క పట్టుకుని తీసుకెళ్ళడం. ఇదంతా పది సెకన్లలో అయిపోతుంది. కానీ చాలామంది పిల్లలకు మాట చెవిన పడి, అర్థమై, ఒంట్లో కదలికగా మారడానికే ఆ పది సెకన్లు కావాలి. రెండోసారి చెప్పిన మాట మొదటి మాటను తుడిచేస్తుంది, వాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒకసారి చెప్పి, మనసులో పది దాకా నిదానంగా లెక్కపెట్టి, అప్పటికీ కదలకపోతే కుళాయివైపు చూపించాలి. మళ్ళీ ఆగాలి. ఆ తర్వాత చేసి చూపించాలి. అన్నిటికంటే చివర, మోచేతిని మెల్లగా తాకి దారి చూపాలి. మౌనంగా ఆ పది లెక్కపెట్టడం కొత్తవారికి ఎంత కష్టమంటే, గదిలో పైఅధికారి ఎవరైనా ఉంటే టీచరు పని చేయడం లేదనిపిస్తుంది. నిజానికి ఆ తరగతిలో అంతకంటే పెద్ద పని లేదు.

మాటల విషయంలో మరొకటి గమనించాను. అది తెలుగు నుడికారానికి సంబంధించింది. మన భాషలో వద్దనే అర్థం క్రియ చివర ఒక్క అక్షరంలో దాక్కుంటుంది: పరుగెత్తకు, తోయకు, ముట్టుకోకు. మాటను తొందరగా పట్టుకోలేని పిల్లవాడి చెవిలో "పరుగెత్త" అన్నది గట్టిగా పడుతుంది, చివరి "కు" గాలిలో కలిసిపోతుంది. వాడు ఇంకా వేగంగా పరుగెడతాడు, మనం మొండివాడంటాం. చేయకూడనిది చెప్పే బదులు చేయాల్సింది చెప్పడం మేలు. "మెల్లగా నడువు", "చేతులు ఒళ్ళో", "ఇక్కడ కూర్చో" అంటే సరిపోతుంది. అలాగే తరగతి టీచరు వాడే మాటనే వాడాలి. ఆమె రోజూ "కూర్చో" అంటే మీరూ "కూర్చో" అనండి. ప్రేమ కొద్దీ "ఇలా వచ్చి బుద్ధిగా కూర్చుంటావుగా నాన్నా" అంటే వినసొంపుగానే ఉంటుంది గానీ, ఆ అయిదు మాటల్లో పని ఎక్కడుందో వెతుక్కోవడం వాడి వల్ల కాదు. హైదరాబాదు బడుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో ఉర్దూయో, లంబాడీయో మాట్లాడే పిల్లవాడికి బడిలో ఏ మాట అలవాటు చేశారో కనుక్కోకుండా తెలుగులో ఆదేశాలిస్తే, వాడికి అర్థం కాకపోవడాన్ని వైకల్యం ఖాతాలో రాసేస్తాం.

ఆటిజం ఉన్న పిల్లల మాట తీరు తెలియకపోతే కూడా ఇలాగే పొరబడతాం. "నీ పేరేంటి?" అని అడిగితే "నీ పేరేంటి?" అని తిరిగి వస్తుంది; వెక్కిరింపు అనిపిస్తుంది. విన్న మాటను విన్నట్టు తిరిగి పలకడం వారిలో కొందరికి భాష నేర్చుకునే దారి. "నీకు నీళ్ళు కావాలా?" అని పిల్లవాడే మీ కొంగు పట్టుకుని అడిగితే, నాకు నీళ్ళు కావాలని దాని అర్థం అయివుండవచ్చు. ఇంట్లో అమ్మ నీళ్ళిచ్చే ముందు ఎప్పుడూ ఆ మాటే అంటుంది గనుక, వాడి లెక్కలో నీళ్ళకు పేరు అదే. ఇలాంటి పిల్లలకు టీచరు మారడమే రోజులో అన్నిటికంటే పెద్ద దెబ్బ. గోడ మీద రోజు కార్యక్రమం బొమ్మల వరుసగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, క్రమం మార్చవద్దు. ఏదైనా మార్చక తప్పకపోతే ముందే బొమ్మ మార్చి చూపించండి. ఫలానా కుర్చీ ఫలానావాడిదే, ఫలానా గ్లాసు ఫలానా పిల్లదే. గది శుభ్రంగా లేదని నేనొకసారి బల్లలు సర్దించాను. ఆ సర్దుడు ఖరీదు మధ్యాహ్నం దాకా ఆగని ఏడుపు.

ఏడుపు, విసరడం, కొరకడం: బదులు టీచరును అన్నిటికంటే భయపెట్టేవి ఇవే, తెలియకుండా ఎక్కువ హాని జరిగేది కూడా ఇక్కడే. ఒక అబ్బాయి లెక్కల కాగితం ముందు పెట్టగానే పలక విసిరేస్తాడని అనుకుందాం. ఆ ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం దొరికింది అన్నవి చూస్తే దాని పని ఏమిటో తెలుస్తుంది. ఇక్కడ ముందున్నది లెక్కల కాగితం, తర్వాత దొరికేది దాని నుంచి విముక్తి. అది కనిపెట్టిన తరగతి టీచరు కొన్ని వారాలుగా ఒక పద్ధతి నడుపుతోంది. పలక విసిరినా ఏమీ అనదు, కాగితం మాత్రం తీయదు. పది లెక్కలకు బదులు ఒకే లెక్క ఉంచి, అది కాగానే, లేదా "చాలు" అనే బొమ్మ కార్డు ఎత్తి చూపించగానే, వెంటనే విరామం ఇస్తుంది. విసిరితే రానిది కార్డుతో వస్తుందని వాడు మెల్లమెల్లగా నేర్చుకుంటున్నాడు. అలాంటి రోజుల్లో మీరు వచ్చారు. పలక ఎగిరింది. మీరు హడలిపోయి, "సరే నాన్నా, వరండాలో ఆడుకో" అన్నారు.

ఒక్కరోజేగా అనిపిస్తుంది. కానీ ప్రవర్తన శాస్త్రంలో బాగా రుజువైన విషయాల్లో ఒకటి ఇది: ప్రతిసారీ ఫలితమిచ్చే అలవాటు కంటే, ఎప్పుడో ఒకసారి ఫలితమిచ్చే అలవాటు వదలడం కష్టం. లాటరీ టికెట్లు కొనేవాణ్ణి చూడండి. ఎన్నడూ తగలకపోతే మానేస్తాడు, రోజూ తగిలి ఒక్కసారిగా ఆగిపోయినా కొన్నాళ్ళకు మానేస్తాడు; ఎప్పుడో ఒకటి తగిలినవాడే జీవితమంతా కొంటాడు. మీ దయ ఆ పిల్లవాడికి తగిలిన టికెట్టు. మర్నాడు తరగతి టీచరు వచ్చేసరికి పలక రెట్టింపు సార్లు ఎగిరితే, ఆమెకు కారణం తెలియదు, మీరు చెప్పకపోతే.

అలాగని బదులు టీచరు బెట్టుగా నిలబడి పోరాడాలని కాదు. ముందు రాసి పెట్టిన పద్ధతి తెలిస్తే అదే పాటించాలి. తెలియకపోతే పిల్లలు దెబ్బలు తినకుండా చూసుకుని, పనిని పూర్తిగా ఎత్తేయకుండా తగ్గించి, చిన్న ముక్క అయినా చేయించి విరామం ఇవ్వాలి. కొత్త నియమాలు, కొత్త బహుమతులు, కొత్త శిక్షలు ఆరోజు మొదలుపెట్టవద్దు. శారీరక దండనను 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది, ఈ పిల్లల విషయంలో దానికి మినహాయింపేమీ లేదు. కార్డు ఎత్తి "చాలు" అని అడిగిన పిల్లకు మాత్రం, అది మీ పాఠం మంచి పట్టులో ఉన్న క్షణమైనా సరే, వెంటనే విరామం ఇవ్వాలి. అడిగితే దొరుకుతుందన్న నమ్మకం పోయాక మిగిలేది పలక విసరడమే.

వినికిడి లోపం, దృష్టి లోపం ఉన్న పిల్లల తరగతుల్లో చిక్కులు వేరు, కొంత తేలిక కూడా. బధిర పిల్లల ముందు కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం చీకట్లో ఉంటుంది, పెదవులు కనిపించవు. బోర్డువైపు తిరిగి రాస్తూ మాట్లాడితే ఆ మాటలు గోడకే. సంజ్ఞా భాష రాకపోతే రాదని ఒప్పుకుని, బాగా వచ్చిన పిల్లనే పక్కన నిలబెట్టుకోవచ్చు. టీచరుకు సంజ్ఞలు నేర్పే అవకాశం వచ్చిన పిల్లలు ఆరోజు వెలిగిపోతారు. చూపు లేని పిల్లల గదిలోకి వెళ్ళగానే పేరు చెప్పాలి, వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి, బోర్డు మీద రాసే ప్రతి అక్షరం పైకి చదవాలి. "అది", "ఇక్కడ", "ఇలా" అన్న మాటలు అక్కడ దేన్నీ చూపించవు. బ్రెయిలీ పలక మీద స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు గుచ్చి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారని తెలియక, రాస్తున్న పిల్లవాణ్ణి సరిదిద్దబోయిన టీచర్లున్నారు.

మరి ఏం చెప్పాలి? తరగతి టీచరు ఏదీ రాసిపెట్టలేదు, ఫైళ్ళు దొరకలేదు, గంటన్నర గడపాలి. అలాంటప్పుడు నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది నిమ్మకాయ షర్బత్. ఇది పెద్ద రహస్యమేమీ కాదు, ప్రత్యేక పాఠశాలల్లో పనిచేసేవారికి తెలిసినదే. కానీ ఎందుకు పనికొస్తుందో చెప్పుకోవాలి. ఒకే పని చుట్టూ ఏడెనిమిది స్థాయిల పిల్లలు నిలబడగలరు, ఎవరినీ ఊరికే కూర్చోబెట్టనక్కరలేదు. ఒకరు నిమ్మకాయలు కడుగుతారు. ఒకరు కోసిన చెక్కలు పిండుతారు. చేతి మీద గాయం ఉందేమో ముందే చూసుకోవాలి, మంట పుడితే పాఠం అక్కడితో సరి. లెక్కల స్థాయి ఉన్న పిల్ల గ్లాసుకు రెండు చెంచాల పంచదార చొప్పున ఎనిమిది గ్లాసులకు ఎన్నో లెక్కకడుతుంది. చదవడం మొదలుపెట్టినవాడు ఉప్పు, నీళ్ళు, పంచదార అన్న అట్టలను డబ్బాల ముందు పెడతాడు. ఇంకా చదవలేనివాడు బొమ్మకు బొమ్మ జత చేస్తాడు. మాట లేని పిల్లవాడి ఎదురుగా "ఇంకా", "చాలు" బొమ్మలు పెట్టి, వాడు ఏది చూపిస్తే అదే చేస్తాం. గదిలో అందరిమీదా అధికారం వాడిది. చివరకు గ్లాసులు లెక్కపెట్టి పంచడం, ఎవరి గ్లాసు ఎవరికని పేరు పిలవడం, కడిగి బోర్లించడం. పొలమారే పిల్లవాడికి, పంచదార కూడని పిల్లలకు ఏమివ్వాలో ఆయమ్మను ముందే అడిగి ఉంచుకోవాలి.

ఈ గంటన్నరలో బదులు టీచరుకు దొరికేది మరొకటుంది. ఫైలు చదవకుండానే ప్రతి పిల్లవాడి స్థాయి కళ్ళముందు కనిపిస్తుంది. ఎవరు మాటతో చేశారు, ఎవరికి చూపించాల్సి వచ్చింది, ఎవరి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది అన్నది మధ్యాహ్నం పాఠానికి ఆధారమవుతుంది. పక్క పిల్లలు ఎవరికి ఎలా సాయపడుతున్నారో చూడండి. తరగతి టీచరు అలవాటు చేసిన పద్ధతి వాళ్ళలో కనిపిస్తుంది. ఒక పిల్ల పక్కవాడి చెయ్యి పట్టుకోకుండా వేలితో చూపించి ఆగిందంటే, టీచరు కూడా అక్కడే ఆగుతుందన్నమాట.

సాయంత్రం వెళ్ళేముందు ఒక కాగితం రాసి పెట్టాలి. "పిల్లలు బాగున్నారు, ఇబ్బంది లేదు" అన్న వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఫలానావాడు పదకొండు గంటలకు పలక విసిరాడు, అప్పుడు ముందు రెండంకెల కూడికలున్నాయి, నేను కంగారుపడి బయటకు పంపాను అని రాయడం కాస్త సిగ్గుగా ఉంటుంది. కానీ మర్నాడు తరగతి టీచరుకు కావలసింది సరిగ్గా అదే. ఫలానా పిల్ల అన్నం తినలేదు, ఫలానావాడు రెండుసార్లు కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయాడు, పిలిస్తే పలకలేదు. ఈ చివరిదాన్ని పరధ్యానం అని వదిలేయవద్దు. కొన్ని రకాల మూర్ఛ అలాగే ఉంటుంది, ఆ ఒక్క వాక్యం డాక్టరు దాకా వెళ్ళాల్సి రావచ్చు. చూసినది రాయాలి, తీర్పు రాయకూడదు. "మొండికేశాడు" అన్నది తీర్పు, "మూడుసార్లు పిలిచినా కుర్చీలోంచి లేవలేదు" అన్నది చూసినది.

ఇంతవరకూ బదులు వచ్చినవారి బాధ్యతే చెప్పాను గానీ, న్యాయంగా మాట్లాడితే వారి రోజు ఎలా గడుస్తుందన్నది వారు రావడానికి వారాల ముందే నిర్ణయమైపోతుంది. సెలవు చెప్పి రాదు. ప్రతి తరగతి టీచరూ ఒక్కో పిల్లవాడికి అరపేజీ చొప్పున రాసి, హెడ్మాస్టరు దగ్గర ఉంచాలి. ఫొటో, మందులు, తిండి, బాత్రూము సంగతి, ఎలా మాట్లాడతాడు, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు, ఈ నెల ఏ రెండు పనులు నేర్చుకుంటున్నాడు, ఎంత సాయంతో, ఏది చేయకూడదు. "చివరి గుండీ తనే పెట్టుకుంటాడు, ఆగండి" అన్న అయిదు మాటలు ఆరోజు నా కోసం ఎవరైనా రాసిపెట్టి ఉంటే నేను వాణ్ణి "తప్పు" అని ఉండేదాన్ని కాదు. ఈ కాగితాన్ని గోడకు అంటించకూడదు. పిల్లల జబ్బుల వివరాలు బడికి వచ్చిపోయే ప్రతివారూ చదవాల్సినవి కావు. నెలనెలా మార్చకపోతే అది కూడా బీరువాలోని మరో ఫైలై కూర్చుంటుంది. ఎదుగుతున్న పిల్లవాడికి పాత కొలతలో సాయం అందించడం, ఏమీ తెలియకపోవడం కంటే ఒక్కోసారి ఎక్కువ చెరుపు చేస్తుంది.

హెడ్మాస్టర్లు చేయగలిగింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎవరికి లీజరుంటే వారిని పంపే పద్ధతి మాని, ప్రత్యేక తరగతికి ఇద్దరిని ముందే నిర్ణయించాలి. వారు నెలకొకసారి, తరగతి టీచరు ఉన్నరోజే, వెళ్ళి ఒక గంట వెనక కూర్చోవాలి. ఆ ఇద్దరి ఫొటోలను కూడా పిల్లల బొమ్మల కార్యక్రమంలో వాడే కార్డులుగా చేసి డబ్బాలో ఉంచాలి. టీచరు రాని ఉదయం ఆయమ్మ ఆమె ఫొటో తీసి, ఆ స్థానంలో బదులు టీచరు ఫొటో పెట్టి, పిల్లలందరికీ చూపిస్తుంది. తలుపు తెరుచుకుని మీరు లోపలికి అడుగు పెట్టేసరికి వాళ్ళు మీ ముఖాన్నీ, కార్డునూ మార్చి మార్చి చూసుకుంటూ ఉంటారు.